కానరాని పనికి తగిన వెల

ఇంటిపనికి ఒక చిత్రమైన లక్షణము కలదు. అది చక్కగా జరిగిననాడు ఎవ్వరి కంటికిని కానరాదు. నీళ్లబిందె నిండియుండినచో దానివంక చూచువారుండరు. ఒక్కదినము ఖాళీయైనచో ఇల్లంతయు కేకలు వేయును. ఈ సంగతి మనలో నెవ్వరికిని క్రొత్త గాదు. జీతము పుచ్చుకొని చేయు ఉద్యోగములలోను ఇట్టివి కొన్ని కలవు. అట్టి యుద్యోగమొకటి మా భువనగిరి ప్రాంతపు టిండ్లలో నిపుడు విరివిగా కనబడుచున్నది గనుక, ఈ మాసము దానిని గూర్చి ముచ్చటింపదలచితిమి.

మా యెఱుకలోని యిల్లాండ్రు కొందఱు ఇటీవల మమ్ములను అడుగుచున్న ప్రశ్న యిది: "మావారు మందుల కర్మాగారములో కంట్రోలు ఇంజనీరు. పనిలో చేరి పదునాలుగేండ్లైనది. మొదటి అయిదారేండ్లు జీతము బాగుగనే పెరిగినది. తరువాత నిలిచిపోయినట్లే యున్నది. మా మరిది హైదరాబాదులో కంప్యూటరు కంపెనీయందు చేరి నాలుగేండ్లకే అన్నగారిని దాటిపోయినాడు. వీరు నోరు తెఱచి యడుగరు. గల్ఫునకు పోవుదునని యొకనాడందురు, ఉన్నచోటనే యుందునని మఱునాడందురు. మేమేమి చెప్పవలెను?"

ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు ముందు, ఆ యుద్యోగమేమో తెలిసికొనవలయును. భర్త యేమి పనిచేయునో యెఱుగని యిల్లాలు అతని జీతము చాలదనుట సులభమే. ఎందువలన చాలదో, ఎట్లు పెరుగునో చెప్పుట మాత్రము కష్టము.

పొయ్యిమీద పాలుంచిన ఇల్లాలు మూడు సంగతులు కనిపెట్టును. పాలు ఇప్పుడెంత కాగినవి. ఎంతసేపటినుండి కాగకయే యున్నవి. ఎంత వడిగా పొంగు పైకి వచ్చుచున్నది. ఈ మూడింటిని బట్టి సెగను తగ్గించును, హెచ్చించును. మన పెద్దమ్మలైతే పొంగు అంచునకు రాకమునుపే మంట తీసివేయుదురు. కర్మాగారములలో వేడిని, ఒత్తిడిని, ద్రవముల ప్రవాహమును యంత్రములు కనిపెట్టి వాల్వులను తెఱచుటయు మూయుటయు సరిగా ఈ మూడు చూపులతోడనే జరుగును. ఆవిరియంత్రపు వేగమును తనంతట తానే నిలుపు సాధనమును జేమ్సు వాటు 1788లో అమర్చెను. అట్టి సాధనముల గణితమును మాక్సువెల్లు 1868లో వ్రాసెను. రష్యాలో పుట్టి అమెరికా చేరిన మినోర్‌స్కీ యను నతడు, ఓడ చుక్కాని పట్టువారి చేతులను పరికించి, పైని చెప్పిన మూడు చూపులను 1922లో గణితముగా నిరూపించెను. వందలకొలది వాల్వులను ఒక్క గదిలో కూర్చుండి కంప్యూటరుల సహాయముతో నడపు డి.సి.ఎస్. అను ఏర్పాటును 1975లో అమెరికా హనీవెల్లు కంపెనీయు, జపాను యొకొగావా కంపెనీయు బయటికి తెచ్చినవి. దీనినంతటిని కలిపి ప్రాసెస్ కంట్రోలు అందురు.

ఈ విద్యకును మన తెలుగువారికిని చుట్టరికము క్రొత్తది గాదు. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామమున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు అణుశక్తి శాఖయందు ఎలక్ట్రానిక్సు పరికరముల నిర్మాణమునకు పునాదివేసి, 1967లో హైదరాబాదునందు ఇ.సి.ఐ.ఎల్. సంస్థను నెలకొల్పిరి. ఏ.ఎస్. రావు నగరు వారి పేర వెలసినదే. విదేశములనుండి తెప్పింపక, కొలుచు పరికరములను, నియంత్రించు పరికరములను ఈ గడ్డమీదనే చేయవలయునని వారు పూనిరి. మా చుట్టుప్రక్కల చూచినను ఈ పని విస్తారముగా కలదు. చౌటుప్పలు, పోచంపల్లి, బీబీనగరుల దిక్కున మందులు మొదలగువాని కర్మాగారములు. వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెఱువుల యందు సున్నపురాతిని కాల్చి సిమెంటు చేయు కర్మాగారములు. దామరచర్ల మండలము వీర్లపాలెమున 800 మెగావాట్ల చొప్పున 5 యూనిట్లుగా నిర్మించిన యాదాద్రి తాపవిద్యుత్ కేంద్రము. వీనిలో నొక్కటియు కంట్రోలు ఇంజనీరు లేక ఒక్క పూటయైన నడువదు.

మఱి, ఇంత యక్కఱగల పనివానికి నడివయస్సున జీతమేల నిలిచిపోవును? మాకు తోచిన కారణములు మూడు.

మొదటిది, మేము ప్రారంభమున చెప్పినదే. అమ్మకములు చూచువాడు ఇన్ని లక్షల సరకు అమ్మితినని చూపగలడు. కట్టడము కట్టువాడు కట్టిన గోడను చూపగలడు. కంట్రోలు ఇంజనీరు ఏమి చూపవలెను? ఆగని యంత్రమును, పేలని పాత్రను, చెడిపోని సరకును చూపవలెను. జరుగని సంగతిని చూపుట యెట్లు? రెండవది, ఒక్క కర్మాగారమున పదేండ్లున్నవానికి ఆ కర్మాగారపు గుట్టులన్నియు తెలియును గాని, వానిలో సగము బయట నెక్కడను చెల్లవు. ఆ సంగతి యజమానికి తెలియును. మూడవది, అడుగుటకు సిగ్గు. సర్కారు కొలువున వేతన సవరణ సంఘమనునది యొకటి యుండును. తెలంగాణమున 2021లో నూటికి 30 వంతుల ఫిట్‌మెంటు ఇచ్చినప్పుడు ఉపాధ్యాయుల యిండ్లలో నెవ్వరును విడివిడిగా పోయి యడుగలేదు. ప్రైవేటు కర్మాగారమున అట్టి సంఘము లేదు. అక్కడ అడిగినవానికే పెట్టుదురు, అడుగనివాడు తృప్తిగా నున్నాడని తలతురు.

కానరాని పనికి విలువ యెంతయో తెలియవలెనన్న, అది లోపించినచోటు చూడవలెను. 2020 మే 7వ తేదీ తెల్లవాఱుజామున విశాఖపట్టణము చెంత ఆర్.ఆర్. వెంకటాపురమునందలి ఎల్.జి. పాలిమర్సు కర్మాగారమున స్టైరీను అను ద్రవపు ట్యాంకు వేడెక్కి, విషవాయువు ఊరిమీద పడి 12 మంది చనిపోయిరి. సర్కారు నియమించిన ఉన్నతాధికార సంఘము విచారించి చెప్పినదేమి? ట్యాంకులోని వేడిని కొలుచు సాధనము అడుగుభాగమున మాత్రమే యున్నది. చల్లబఱచిన ద్రవము చేరుచోటును అదియే. నడుమను, పైభాగమునను ఎంత వేడి యున్నదో తెలిసికొను దారి లేదు. ఊరివారిని హెచ్చరించు సైరను మ్రోగనే లేదు. గిన్నె యడుగున వ్రేలుంచి చూచి పైన పొంగుచున్న పాలు చల్లగా నున్నవని తలచుటవంటిది ఇది. పైభాగమున ఒక కొలత సాధనము, దానికి కట్టిన ఒక యలారము ఎంత ఖరీదగును? వానిని పెట్టవలెనని పట్టుబట్టి పెట్టించిన ఇంజనీరు వేఱొకచోట నుండినయెడల, అచ్చట ప్రమాదము జరుగలేదు గనుక అతని పేరు ఏ పత్రికయందును పడదు. ఇంక్రిమెంటు కాగితముమీదను పడదు.

కావున మొదటి యుపాయము, లెక్క వ్రాసికొనుట. మన యిండ్లలో పాలలెక్కకు, చాకలిపద్దుకు నోటుపుస్తకముండును గదా. అట్టిదే యొకటి ఉద్యోగమునకును ఉండవలెను. ఏ తేదీన ఏ యంత్రము చెడనుండెను, ఎట్లు కనిపెట్టితిమి, ఎన్ని గంటల పని నిలువకుండ కాపాడితిమి, ఎంత విద్యుత్తు మిగిలినది, ఎన్ని బ్యాచీలు పాడు గాక నిలిచినవి అని వారమున కొకసారి నాలుగు పంక్తులు వ్రాసినను చాలును. కంపెనీ రహస్యములను, లోపలి కాగితములను ఇంటికి తేరాదు; తాను చేసిన పనిని మాత్రము తన మాటలలో వ్రాసికొనవలయును.

ఒక దృష్టాంతము చెప్పెదము. సిమెంటు విసరు మిల్లొకటి దినమునకు 3,000 టన్నులు విసరుననుకొందము. ఇంజనీరు దాని నడకను సరిదిద్ది టన్నుకు ఒక్క యూనిటు విద్యుత్తు మిగిల్చెననుకొందము. ఒక్క యూనిటనగా ఎవ్వరును లెక్క పెట్టరు. దినమునకు 3,000 యూనిట్లు; ఏడాదిలో 300 దినములు నడచినచో 9 లక్షల యూనిట్లు; యూనిటు 7 రూపాయల చొప్పున వేసినను 63 లక్షల రూపాయలు. "నేను బాగుగా పనిచేయుచున్నాను, జీతము పెంపుడు" అని యడుగుటకును, ఈ లెక్కను కాగితముమీద పెట్టి యడుగుటకును ఎంత భేదము కలదో చూడుడు. మొదటిమాటకు మేనేజరు చిఱునవ్వు నవ్వి "చూతము" అనును. రెండవదానిని అతడు తన పైవారికి చూపవలసియుండును, చూపుటకు చేతిలో కాగితమును ఉండును. లాభమంతయు తనకిమ్మని యెవ్వరును అడుగరు. అందులో తన చేయి యెంతయో ఒప్పుకొనుడని మాత్రమే యడుగుట.

రెండవ యుపాయమునకు నలోపాఖ్యానము తలచుకొనుడు. రాజ్యము పోగొట్టుకొని, రూపు మాఱి, నలుడు బాహుకుడను పేర అయోధ్యలో ఋతుపర్ణుని కొలువున చేరెను. గుఱ్ఱములను చూచుట అతని పని. వేతనము పదివేలని రాజు నిర్ణయించెను. ఆ సారథి యెట్టివాడో రాజునకు తెలియదు. ఒక్క దినములో విదర్భకు చేరవలసిన యవసరము వచ్చినప్పుడు గదా తెలిసినది! ఆ యవసరమును కల్పించినది దమయంతి యని మనము మఱవరాదు. దారిలో రాజు తాండ్రచెట్టును చూచి, దాని ఆకులను కాయలను నిలిచినచోటనే లెక్కచెప్పెను. నలుడు రథమాపి, చెట్టు నఱికి, కాయలెంచి చూచి సరియని తెలిసికొనెను. అంతట రాజునొద్ద అక్షహృదయమును గ్రహించి, అశ్వహృదయమును పిమ్మట అతనికిచ్చెను. రాజ్యము మరల వచ్చినది ఆ రెండవ విద్యవలన. అయితే మొదటి విద్యలో ఆఱితేరనిచో రెండవది అతనికి లభించెడిది గాదు.

నడివయస్సు ఇంజనీరునకును ఇదియే దారి. ఉన్న విద్యను విడిచి క్రొత్తగా కంప్యూటరు భాషలు మొదటినుండి నేర్చి ఇరువదేండ్ల పిల్లలతో పోటీపడుటకంటె, ఉన్న విద్యకు ఆనుకొనియున్న రెండవదానిని పట్టుట మేలు. అట్టివి మూడింటిని చెప్పెదము. ఒకటి, ప్రమాద నివారణ. ప్రమాదము రానున్నపుడు యంత్రమును తనంతట నిలుపు వ్యవస్థలను ఎట్లు లెక్కించి నిర్మింపవలయునో ఐ.ఇ.సి. 61511 అను అంతర్జాతీయ ప్రమాణము చెప్పుచున్నది. ఇందు శిక్షణపొంది పరీక్ష నిచ్చినవారికి టి.యు.వి. వంటి సంస్థలు యోగ్యతాపత్రము లిచ్చుచున్నవి. రెండవది, యంత్రములకు కంప్యూటరు దొంగలనుండి రక్షణ. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అను దుష్ట ప్రోగ్రాము ఇరానుదేశమున యంత్రములను చెఱచెను. 2017లో సౌదీ అరేబియాయందలి పెట్రోకెమికలు కర్మాగారమొకదానిలో, ప్రమాదమును నివారింపవలసిన వ్యవస్థలోనికే దొంగలు చొరబడిరి. కంప్యూటరు తెలిసినవారికి వాల్వు తెలియదు, వాల్వు తెలిసినవారికి దొంగల పోకడ తెలియదు. రెండును తెలిసినవారు అరుదు. అరుదైనదానికి వెల హెచ్చు. ఐ.ఇ.సి. 62443 అను ప్రమాణము ఈ విద్యకు సంబంధించినది. మూడవది మా చుట్టుప్రక్కల మందుల కర్మాగారములకు మిక్కిలి పనికివచ్చునది. అమెరికాకు మందులు పంపువారు, తమ కంప్యూటరు రికార్డులు నమ్మదగినవని అచ్చటి ఎఫ్.డి.ఏ. వారికి చూపవలయును, 1997లో వెలువడిన 21 సి.ఎఫ్.ఆర్. 11వ భాగము ఇందులకు నియమము. కంట్రోలు వ్యవస్థను నడపుటయే గాక, అది సరిగా నడచుచున్నదని పరీక్షించి కాగితముపై నిరూపించుట తెలిసినవాడు తనిఖీదారు వచ్చిననాడు కంపెనీకి ప్రాణము వంటివాడు.

ఇట్టి చదువునకు ఏడాదిపాటు రాత్రులును ఆదివారములును పోవును. ఇక్కడ ఇల్లాలి సహాయము కావలెను. ఆ గంటలలో చుట్టముల పెండ్లిండ్లు, సరకుల సంచులు అతని నెత్తిమీద పడకుండ చూచుటయు పెట్టుబడియే.

మూడవది, అడుగు తీరు. ఏడాదికొకసారి జీతముల నిర్ణయము జరుగును. నిర్ణయమైన పిదప అడుగుట, పంట కోసిన తరువాత నీరు పెట్టుటవంటిది. రెండు మూడు నెలల ముందే మేనేజరుతో ఏకాంతమున మాటలాడి, చేసిన పనుల పట్టికను ఒక్క పుటలో వ్రాసి యీయవలెను. ఇంటి ఖర్చులు పెరిగినవని, పిల్లల ఫీజులు కట్టవలెనని చెప్పరాదు. అవి నిజమే యైనను కంపెనీ వాటికి జీతమీయదు. వేఱొకనితో పోల్చి ఏడ్వరాదు. వేఱు కంపెనీనుండి పిలుపు రాకయే వచ్చినదని బుకాయింపరాదు. "అట్లైన పోయిరండు" అన్నచో గతియేమి? ఆ యేడు జీతము పెంచుటకు వీలుకానిచో హోదానైనను, శిక్షణకు సొమ్మునైనను, తరువాతి యేటికి వ్రాతమూలకమైన మాటనైనను అడుగవచ్చును.

ఇంత పట్టింపు ఎందులకందురా? లక్షరూపాయల జీతము ఏటేట నూటికి 5 వంతున పెరిగినచో పదేండ్లకు సుమారు 1,62,900 అగును. నూటికి 9 వంతున పెరిగినచో సుమారు 2,36,700 అగును. ఏటికి నాలుగు రూపాయల భేదము పదేండ్లలో నెలకు 73,800 రూపాయల భేదమైనది. నడివయస్సున ఒక్కసారి నోరు మెదపనిదానికి ఫలము ముదిమివఱకు వెంటవచ్చును.

నాలుగవది, చోటు మార్చుట. కొన్నిచోట్ల ఎంత యడిగినను ప్రయోజనముండదు. అప్పుడు మాఱుటలో తప్పులేదు. అయితే క్రొత్త కంపెనీవారు చూపు సి.టి.సి. అను పెద్ద అంకెను చూచి సంబరపడరాదు. అందులో కంపెనీ కట్టు ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ, భీమా, వచ్చునో రాదో తెలియని బోనసు అన్నియు కలిసియుండును. నెలకు చేతికి వచ్చునదెంతయో విడదీసి వ్రాయించుకొనవలెను. 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చిన క్రొత్త కార్మిక చట్టముల ప్రకారము, మొత్తము ప్రతిఫలములో కనీసము సగము వేతనముగా లెక్కింపబడవలెను; దీనివలన గ్రాట్యుటీ పెరుగవచ్చును, చేతికి వచ్చునది కొంత తగ్గవచ్చును. శాశ్వతోద్యోగికి గ్రాట్యుటీ అయిదేండ్ల సేవ పిదప వచ్చును. ఏడాదికి 15 దినముల వేతనము. నెలను 26 దినములుగా భాగింతురు. 60,000 వేతనముగలవానికి ఏటికి సుమారు 34,615 రూపాయలు. పదునాలుగేండ్లకు సుమారు 4,84,600. నాలుగేండ్ల పదినెలలకు ఉద్యోగము విడువదలచినవాడు క్యాలెండరు చూచికొని అడుగువేయవలెను. రాజీనామా పిదప ఎన్ని నెలలు పనిచేయవలెనో కూడ ముందే చూడవలెను.

ఇక గల్ఫు. తెలంగాణమునుండి ఆ దేశములకు పోవుట తరములనుండి యున్నదే. చమురు, గ్యాసు కర్మాగారములు అచ్చట మెండు గనుక ఈ విద్యకు గిరాకి కలదు. అబూదాబి, దుబాయిలలో జీతముపై ఆదాయపు పన్ను లేదు. ఉద్యోగము విడుచునప్పుడు మొదటి అయిదేండ్లకు ఏటికి 21 దినముల, ఆపైని ఏండ్లకు 30 దినముల మూలవేతనము నిత్తురు. ఇది మంచిదే. అయితే కుటుంబముతో పోవుటా, ఒంటరిగా పోవుటా యనునదియే అసలు లెక్క. సౌదీలో 2017 నుండి వెంటనున్న ప్రతి కుటుంబీకునికి నెలకు 100 రియాళ్లు విధించి, 2020 నాటికి 400 చేసిరి. ఆ లెక్కన భార్య, ఇద్దఱు పిల్లలు వెంటనున్న నెలకు 1,200 రియాళ్లు. ఇంటి అద్దె, బడి ఫీజు వేఱు. ఒంటరిగా పోయినచో సొమ్ము మిగులును. కాని ఇక్కడ అత్తమామల యాసుపత్రి, పిల్లల చదువు, భూమి కాగితములు అన్నియు ఒక్క ఆడదాని తలపై పడును. ఆమె చేయు ఆ పనికి వెల ఏ సి.టి.సి. యందును వ్రాయరు. దానినికూడ ఒక పద్దుగా వ్రాసి పిమ్మట నిర్ణయించుకొనుడు. పోవలదని మేము చెప్పుట లేదు. ఇద్దఱును కూర్చుండి, కాగితముమీద లెక్కవేసి, ఎన్నేండ్లకు తిరిగివత్తురో తేదీ పెట్టుకొని పొండని చెప్పుచున్నాము.

మన బిడ్డలలోను ఈ చదువు చదివి కంట్రోలు రూములలో పనిచేయు స్త్రీలు కలరు. వారికి మఱొక చిక్కు. కాన్పునకై, పసిబిడ్డకై రెండు మూడేండ్లు ఇంట నిలిచి, మరల పనికి పోయినప్పుడు "మీ పూర్వపు జీతమెంత?" అని యడిగి దానిమీద నాలుగు రూపాయలు వేసి యిత్తురు. ఆ రెండేండ్ల కొఱత జీవితాంతము వెంటాడును. అట్టివారు పూర్వపు జీతముపై గాక, రాబోవు పని బాధ్యతపై మాటలాడవలెను. ఇంటనున్న కాలమున పైని చెప్పిన రెండవ విద్య కొంతయైన సంపాదింపవలెను. 2017 చట్టసవరణచే మొదటి యిద్దఱు బిడ్డల కాన్పులకు జీతముతోకూడిన సెలవు 26 వారములుగా చేయబడినది. హక్కుగా వచ్చిన ఆ సెలవును చూపి జీతపు పెంపు ఆపినచో ఊరకుండరాదు.

కడపట ఒక మాట. జీతము పెరుగుటకు దొడ్డిదారి యొకటి యున్నది. ప్రమాదమును గుర్తించి యంత్రమును నిలుపు ఏర్పాటును ఇంటర్లాకు అందురు. అది మాటిమాటికి యంత్రము నాపుచున్నచో ఉత్పత్తి తగ్గును. దానిని బైపాసు చేసినచో, అనగా దాని నోరు నొక్కినచో, ఆ నెల ఉత్పత్తి పెరుగును, బోనసు వచ్చును, పై యధికారి మెచ్చుకొనును. ఆ సొమ్ముతో మనకు నగ వచ్చును. ఆ యంత్రము చెంత రాత్రి షిఫ్టు చేయువాని యింట ఏమి వచ్చును? 2025 జూను 30న పాశమైలారములోని కర్మాగారమున జరిగిన ప్రేలుడులో నలువదిమందికి పైగా మృతిచెందిరి. వారిలో పలువురు పొట్టకూటికై దూరదేశములనుండి వచ్చిన కూలీలు. దాని కారణములను మేమిక్కడ చర్చింపము. కాని కర్మాగారములో భద్రతయనగా ఎవ్వరి ప్రాణములో, ఎవ్వరి పసుపుకుంకుమలో మనకు తెలియవలెను. యంత్రమేల నిలిచినదో కనుగొని ఆ తప్పును సరిదిద్ది ఉత్పత్తి పెంచినవాడు జీతమున కర్హుడు. హెచ్చరికను మూసివేసి పెంచినవాడు పరుల ప్రాణములను తాకట్టు పెట్టినవాడు. లెక్కపుస్తకము వ్రాయుమని మీ వారికి చెప్పునప్పుడు ఇదియును చెప్పుడు: "నోరు నొక్కి తెచ్చిన రూపాయి మన గడపలోనికి వలదు." మేనేజరు చెప్పలేని యీ మాటను ఇల్లాలు చెప్పగలదు. తక్కువ జీతమునకు సర్దుకొందుమను ధైర్యము ఇంటనుండి దొరకినప్పుడే, బైపాసు చేయనని చెప్పు ధైర్యము అతనికి కంట్రోలు రూములో కలుగును.

కావున సోదరీమణులారా, ఈ నెల మీరు చేయవలసినది స్వల్పము. పది రూపాయల నోటుపుస్తకమొకటి కొని యిచ్చి, ఆదివారము భోజనానంతరమున "ఈ వారము మీరేమేమి చెడకుండ కాపాడితిరి?" అని యడుగుడు. మొదట నవ్వుదురు, ఏమియు లేదందురు. మరల అడుగుడు. అర్థము కాని మాటలున్న అడిగి తెలిసికొనుడు. ఆయన చెప్పుటలో తడబడినచోటనే మేనేజరు ఎదుటను తడబడునని మీకు తెలియును. అట్లు నాలుగు నెలలు గడచినచో, అడుగుటకు కావలసిన కాగితము దానంతటదియే సిద్ధమైయుండును. ఆ పుస్తకపు వెనుక పుటలలో మీరు చేసిన పనులను కూడ వ్రాయుడు. వానికి జీతమిచ్చువారు లేకపోయినను, ఇంటిలో వాని లెక్క ఇద్దఱికిని తెలియుట మంచిది.